వేన్నీళ్లలో నా వంతు

మొన్న దసరా సెలవులకు మా అన్న కూతురు సింధు వచ్చి నా దగ్గర నాలుగు రోజులు ఉంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే పిల్ల. వచ్చిన దగ్గర్నుంచీ చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోనులో సీరియళ్లు చూడటమే పని. ఏం చూస్తున్నావే అంటే, "జపాన్ సీరియల్ అత్తా, నీకు అర్థం కాదులే," అంది. నేను నవ్వి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. కాసేపటికి మొహం అదోలా పెట్టి, "ఛీ! చూడత్తా, ఇంటిల్లిపాదీ ఒకరెనక ఒకరు ఒకే తొట్టి నీళ్లల్లో దిగుతాండారు. ఎట్ల దిగుతారో ఏమో!" అంది. చేతిలో కాయ కింద పెట్టి, "నేనూ దిగినాను అట్లాంటి నీళ్లల్లో," అన్నాను. పిల్ల ఫోను పక్కన పెట్టేసింది. నా మాట వినడానికి ఒక మనిషి ఫోను పక్కన పెట్టడం మా ఇంట్లో అదే మొదలు. అందుకని ఆ రోజు కూర ఆలస్యమైనా ఫరవాలేదనుకుని చెప్పడం మొదలుపెట్టాను.

మా రాయచోటి వైపు గల్ఫ్ అంటే కువైటే. నేను మస్కట్ పోతున్నానంటే అదెక్కడుందని అడిగినవాళ్లే ఎక్కువ. అందులోనూ నేను చేసింది అరబ్బుల ఇంట్లో కాదు, జపాన్ వాళ్ల ఇంట్లో. పెద్ద తుఫాను వచ్చి ఊరిని ముంచి పోయిన తర్వాతి రోజులవి. కొట్టుకుపోయిన రోడ్లు మళ్లీ వేసే పనికని జపాన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి, మస్కట్‌లోనే ఖురం అనే పేటలో విల్లా తీసుకుని భార్యతో ఉండేవాడు. ఆయన సార్, ఆమె కజుకో మేడం. వంట రాకపోయినా ఫరవాలేదు, శుభ్రం మాత్రం ముఖ్యమని చెప్పారట ఏజెంటుకు. శుభ్రం సంగతి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. ఇల్లు కడగడంలో, గిన్నె తోమడంలో నాకు వంక పెట్టినవాళ్లు మా వీధిలో లేరు. ఈ గొప్పే తర్వాత నా నెత్తి మీదికి వచ్చింది.

అంత దూరం ఎందుకు పోయానంటే, మా ఆయన ఇంకో కాపురం పెట్టుకుని నన్ను వదిలేశాడు. నేను అన్న ఇంటికి చేరాను. వదిన చెడ్డది కాదు. ఒక్క మాట అనేది కాదు. కానీ ఆ ఇంట్లో పొద్దున స్నానాలకు ఒక వరుస ఉండేది. పెరట్లో రాగి కాగు కింద మంట పెట్టేది నేను. మొదట అన్న, తర్వాత పిల్లలు, తర్వాత వదిన. వాళ్లందరూ తోడుకుని పోయాక, మంట ఆరిపోయి, మసి తేలుతూ అడుగున మిగిలిన నీళ్లు నావి. చలికాలం ఆ నీళ్లు మీద పోసుకుంటే పళ్లు కటకటలాడేవి. ఆ ఇల్లు నాది కాదని నాకెవరూ నోటితో చెప్పలేదు, ఆ నీళ్లే రోజూ చెప్పేవి. అందుకే విమానం ఎక్కేటప్పుడు అందరూ ఏడుస్తారు గానీ నేను ఏడవలేదు. తిరిగి ఆ వసారాలో చాప పరుచుకునే గతి పట్టకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను.

కజుకో మేడం ఇల్లు నాకొక వింత బడి. గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్ని నేను అందంగా వరుసగా పెడితే, ఆమె వంగి ఒక్కొక్క జతనూ తిప్పి, కొసలు బయటికి ఉండేట్టు పెట్టేది. పోయేవాళ్లు తడుముకోకుండా కాళ్లు దూర్చుకుని పోవాలని. ఫోనులో ఎవరో పెద్దవాళ్లతో మాట్లాడుతూ, కనిపించని ఆ మనిషికి వంగి వంగి దండాలు పెట్టేది. పొద్దున్నే ఎండుచేపల తురుము మరిగే వాసన, దాంట్లో మాగబెట్టిన సోయా ముద్ద కలిపితే వచ్చే ఘాటు వాసన, మొదట్లో నాకు పడేది కాదు. నెల తిరగకుండా ఆ వాసన లేకపోతే తెల్లారినట్టే ఉండేది కాదు. వాళ్ల అన్నం ముద్దముద్దగా ఉండేది. సంగటి తిని పెరిగినదాన్ని, నాకది తప్పుగా తోచలేదు. అన్నిటికంటే నన్ను కట్టి పడేసింది పిలుపు. "రమణ-సాన్" అనేవాళ్లు. సాన్ అంటే మన గారు లాంటిది. మా ఊళ్లో నన్ను "ఒసే రమణా" అనేవాళ్లే. నన్ను గారు పెట్టి పిలిచిన మొదటి మనుషులు వాళ్లు. ఆ పిలుపు కోసం నేల రెండుసార్లు తుడిచేదాన్ని.

చిక్కల్లా ఏమిటంటే వాళ్లు తిట్టరు. తిట్టే ఇంట్లో బతకడం తేలిక, ఏం తప్పు చేశామో అక్కడికక్కడే తెలిసిపోతుంది. వీళ్లు నవ్వి, "నో ప్రాబ్లమ్, రమణ-సాన్," అంటారు. ఆ నవ్వులో ఏముందో వెతుక్కోవడం మన పని.

నేను వెతుక్కునే చోటు ఒకటి దొరికింది. మేడం చెల్లెలు జపాన్‌లో టీవీలో వచ్చే కథల్ని డిస్కుల్లో ఎక్కించి పార్సిల్ పంపేది. మధ్యాహ్నం పని అయ్యాక మేడం సోఫాలో, నేను కింద బట్టలు మడతపెడుతూ చూసేవాళ్లం. పక్క విల్లాలో పనిచేసే సత్యవతక్క కూడా వెనక గేటు నుంచి వచ్చేది. ఆమెది అమలాపురం దగ్గర. భాష ఒక్క ముక్క రాదు గనక మాటలు మేమే కల్పించుకునేవాళ్లం. ఆ కథల్లో చెంపదెబ్బలు ఉండవు, విషం కలిపే అత్తలు ఉండరు. వాన పడుతుంటుంది, రైలు పోతుంటుంది, ఇద్దరు మనుషులు ఏమీ మాట్లాడకుండా నూడుల్స్ జుర్రుకుంటుంటారు.

"ఏంటే రమణా, గంట నుంచీ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు గానీ నోరిప్పడేంటే ఈ కుర్రాడు!" అని సత్యవతక్క విసుక్కునేది.

"మాట్లాడితే సీరియల్ అయిపోతాదని భయమేమో అక్కా," అనేదాన్ని.

పట్టుమని పది పదకొండు భాగాలకే కథ అయిపోయేది. అది మాత్రం అక్క ఎప్పటికీ క్షమించలేకపోయింది. "అప్పుడే అయిపోడమేంటే? ఆ పిల్ల అత్తోరింటికెళ్లి ఏం పడిందో చూపించొద్దూ?" అని మేడం ముందే నిలదీసేది. మేడం అర్థం కాకపోయినా పకపకా నవ్వేది. ఆ కథల్లో చూసే నేను చాలా నేర్చుకున్నాను. టీ కప్పు రెండు చేతులతో ఇవ్వడం, ఇంటి మనిషి బయటినుంచి వస్తే ఎక్కడున్నా గుమ్మం దగ్గరికి వచ్చి పలకరించడం, చేప ముక్కను ఏ వైపు తిప్పి పళ్లెంలో పెట్టాలో కూడా.

అలా ఉండగా చలికాలం మొదట్లో సార్ వాళ్ల అమ్మ వచ్చింది. భర్త పోయి ఏడాది కాలేదు. మంచు పడే ఊళ్లో ఒక్కతే ఉంటోందని సార్ పట్టుబట్టి తెచ్చుకున్నాడు. పిట్టంత మనిషి, నడుం వంగిపోయింది. మా వైపు నాయనమ్మను జేజి అంటాం. నోరు తిరిగే పేరు కాదు గనక మొదటి రోజే నేను ఆమెను "జేజీ" అన్నాను. ఆమె తల ఆడించింది. ఆ పేరే ఖాయమైంది.

అప్పటిదాకా ఆ ఇంట్లో తొట్టి ఉత్తదే. సార్, మేడం హడావిడిగా షవర్ కింద నిలబడి వచ్చేవాళ్లు. జేజి వచ్చిన సాయంత్రం సార్ తానే తొట్టినిండా వేన్నీళ్లు పట్టి, తల్లిని మొదట పంపాడు. ఆమె చాలాసేపు ఉండి, ఎర్రబడ్డ మొహంతో బయటికి వచ్చింది. నేను లోపలికి పోయి చూస్తే తొట్టినిండా నీళ్లు అట్లాగే ఉన్నాయి. మర్చిపోయిందనుకున్నాను. మా వైపు ఒకరు ఒళ్లు కడుక్కున్న నీళ్లను ఇంకొకరు తాకరు. అవి తీసేసి, కడిగి, కొత్త నీళ్లు పెట్టడమే తర్వాత వచ్చేవాళ్లకు మర్యాద. బిరడా లాగేశాను. గుడగుడమని నీళ్లు పోయాయి. సబ్బు వేసి తొట్టిని తళతళలాడేలా తోమాను. సార్ భుజాన తువ్వాలు వేసుకుని వచ్చేసరికి, మెచ్చుకుంటాడని బ్రష్ పట్టుకుని పక్కన నిలబడ్డాను కూడా. ఆయన ఖాళీ తొట్టి చూసి, "ఓ," అన్నాడు. తర్వాత, "థాంక్యూ, రమణ-సాన్," అని షవర్ కిందికి పోయాడు. హాల్లో కూర్చున్న జేజికి ఆ గుడగుడ వినిపించింది.

మర్నాటి నుంచి ఆమె తొట్టి జోలికి పోలేదు. గిన్నెలో నీళ్లు పట్టుకుని ఒళ్లు తుడుచుకునేది. తిండి తగ్గింది. కిటికీ దగ్గర కూర్చుని ఎదురుగా ఉన్న రాళ్ల కొండను చూసేది. గడ్డి పరక లేని కొండ, దాన్నేం చూస్తుందో తెలిసేది కాదు. ఊరి మీద బెంగ అనుకున్నాం అందరం. ఒక రోజు మేడం వంటింట్లోకి వచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. అత్తగారు వెళ్లిపోతానంటోంది, ఆమెను ఒంటరిగా ఉంచలేరు గనక మేడం కూడా వెంట పోవాలి, సార్ కంపెనీ క్యాంపుకు మారిపోతాడు. ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ. ఇల్లు ఖాళీ అంటే నా బతాకా, అంటే ఆ దేశంలో నన్ను ఉండనిచ్చే కార్డు, క్యాన్సిల్. నేను ఊ అన్నాను గానీ కళ్ల ముందు మా అన్న వసారా, గోడకు ఆనించిన చాప, అడుగంటిన కాగు కనిపించాయి. ఆ శుక్రవారం సార్ కారులో దార్సైట్ గుడి దగ్గర దింపితే, కృష్ణుడికి దండం పెట్టుకోవడానికి కూడా మనసు నిలవలేదు. ముసలామెను నిలబెట్టు స్వామీ అని మాత్రం అడిగి వచ్చాను.

ఆ వారమే కొత్త డిస్కులు వచ్చాయి. నూడుల్స్ దుకాణం నడిపే ఒక కుటుంబం కథ. మేడం బతిమాలి జేజిని కూడా తెచ్చి సోఫాలో కూర్చోబెట్టింది. బయట మంచు పడుతోంది, దుకాణం మూసేశారు. ఆ ఇంటి తాత కింద చిన్న పీట మీద కూర్చుని ఒళ్లంతా రుద్దుకుని, కడుక్కుని, అప్పుడు తొట్టిలో దిగాడు. నీళ్ల మీద పసుప్పచ్చని నిమ్మజాతి పండ్లు తేలుతున్నాయి. లేచి పోతూ తొట్టి మీద చెక్కపలకలు జాగ్రత్తగా పరిచాడు. తర్వాత కొడుకు వచ్చి, పలకలు తీసి దిగి, మళ్లీ పరిచి పోయాడు. తర్వాత పిల్లలు. అందరి తర్వాత ఆ ఇంటి కోడలు. దుకాణం తుడిచి, అలిసిపోయి వచ్చి పలక ఎత్తింది. గుప్పున ఆవిరి లేచింది. మెడదాకా దిగి కళ్లు మూసుకుంది.

"ఏంటే, ఇంతమందీ దిగిన నీళ్లలోనేనా ఈవిడ కూడా!" అని సత్యవతక్క ముక్కు మూసుకుంది.

నేను జేజి వైపు చూశాను. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. లేచి, గోడ పట్టుకుని తన గదిలోకి పోయింది. మడత పెడుతున్న దుప్పటి పక్కన పడేశాను. ఆ సాయంత్రం బిరడా లాగి నేను చేసిందేమిటో నాకర్థమైంది.

వంటింట్లో మేడంను నిలబెట్టి అడిగాను. "ఆ రోజు ఎందుకు చెప్పలేదు మేడం?" అంటే, "నువ్వు అంత కష్టపడి కడిగావు, ఎలా చెప్పను?" అంది. జేజి ఏమనుకుందని అడిగితే సింకు వైపు తిరిగి కుళాయి కట్టేసింది. పెద్దవాళ్లు మొదట దిగడం తమలో గౌరవమనీ, ఆ నీళ్లే ఇంట్లో అందరూ పంచుకుంటారనీ, తన ముసలి ఒంటి నీళ్లు ఈ ఇంట్లో వద్దనుకున్నారని అత్తగారి మనసులో పడిపోయిందనీ చెప్పింది. నాకు ముందు కోపం వచ్చింది. నేను మర్యాద చేస్తే ఆమె అవమానమనుకుందా! మా వైపు పద్ధతి ఇదీ అని చేతులు తిప్పుతూ మేడంకు ఇంగ్లీషు, హిందీ కలిపి గట్టిగానే చెప్పాను. ఇప్పటికీ అది తప్పని నేననను. కానీ నా మర్యాద ఆ ముసలామెకు చేరలేదు. చేరేట్టు చేయవలసింది నేనే అనిపించింది. మాటలతో చెబితే చేరదు, వాళ్లు మాటల మనుషులు కారు.

మా వీధి చివర తుఫానుకు పడిన ప్రహరీ కడుతున్న సైట్లో గంగారామన్న అని వడ్రంగి ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి. పోయి తొట్టి కొలత చెప్పి, మూతకు పలకలు కోసిమ్మన్నాను.

"తానం చేసే తొట్టికి మూతనా? ఏం చెల్లె, నీళ్లు యాడికన్న ఉరుకుతయా?" అన్నాడు.

"ఉరకవు గానీ చల్లారతాయన్నా. ఎనకొచ్చే మనిషికి చల్లారగూడదంట," అన్నాను.

ఆయన పెన్సిల్ చెవిన పెట్టుకున్నాడు. "గిదేదో మంచిగనే ఉన్నది," అని సైట్లో మిగిలిన చెక్క తీసి మూడు పలకలు కోశాడు. అంచులు అరచేత్తో తడిమి చూస్తూ గరుకు కాగితంతో రుద్దాడు. ముసలవ్వ చేతికి పేడు గుచ్చుకోవద్దు గద అన్నాడు. ఆ పలకలు నెత్తిన పెట్టుకుని ఖురం రోడ్డు మీద నడిచి వస్తుంటే కార్లలో పోయేవాళ్లు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

తొట్టిలో వేసే ఆ పండు ఏదో మస్కట్‌లో దొరకదని మేడం చెప్పింది. అయితే షినాస్ వైపు తోటల నుంచి వచ్చే నిమ్మకాయలు ఉండనే ఉన్నాయి, సన్నవి, చెయ్యి తగిలితే చాలు వాసన అంటుకునేవి. బుట్టెడు తెప్పించాను. నేను నీళ్లు పట్టి కాయలు వదులుతుంటే సత్యవతక్క బుగ్గ నొక్కుకుంది. "నిమ్మకాయలేంటే తల్లీ! ముసలావిడికి దిష్టి తీస్తన్నావా?"

"తీస్తే తీసినట్టే అక్కా. దిష్టీ పోతాది, పనీ అయితాది," అన్నాను.

సాయంత్రం పలకలు పరిచి, కింద పీట వేసి, జేజి గది ముందు నిలబడ్డాను. సీరియళ్లలో చూసినట్టు నడుం వంచి, రెండు చేతులూ స్నానాల గది వైపు చూపించాను. ఆమె కదల్లేదు. మళ్లీ వంగాను. మేడం, సార్ హాల్లో నిలబడి చూస్తున్నారు. చివరికి వచ్చింది. పలకలు చూసి ఆగిపోయింది. అంచు మీద చెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది. పలక కొంచెం జరిపితే నిమ్మకాయల వాసన ఆవిరితో కలిసి మొహానికి కొట్టింది. ఆమె నా వైపు తిరిగి ఏదో చాలా పొడుగ్గా మాట్లాడింది. వచ్చినప్పటినుంచీ ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు. మేడంను తర్వాత అడిగినా అర్థం చెప్పలేదు, కళ్లు తుడుచుకుని నవ్వింది.

జేజి తీరిగ్గా నీళ్లలో ఉండి బయటికి వచ్చింది. తర్వాత సార్ దిగాడు, తర్వాత మేడం. లోపల సార్ చిన్నపిల్లాడిలా పాట పాడటం విన్నాను. రాత్రి వంటకు బియ్యం కడిగిపెట్టి, ఇక తొట్టి ఖాళీ చేద్దామని నేను లోపలికి పోయాను. అలవాటున చెయ్యి బిరడా గొలుసు మీదికి పోయింది. వెనక నుంచి "రమణ-సాన్" అని వినిపించింది. గుమ్మంలో జేజి, రెండు చేతుల మీద మడత విప్పని కొత్త తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. తువ్వాలు నాకిచ్చి, తొట్టి వైపు చూపించి, నేను వంగినట్టే, ఆ వంగిన నడుమును ఇంకా వంచి నిలబడింది. నేను చేసిన దండాన్ని నాకే తిప్పి పెట్టింది. తలుపు దగ్గరగా వేసి పోయింది.

ముగ్గురు దిగిన నీళ్లు. మా అమ్మ చూస్తే గుండె బాదుకునేది. నేను పీట మీద కూర్చుని ఒళ్లంతా రుద్దుకుని కడుక్కున్నాను. పలక ఎత్తి దిగాను.

జేజి ఆ నెలాఖరుకు వెళ్లలేదు. ఎండలు ముదిరేదాకా ఉంది, ఎండాకాలం మేడంను తోడు తీసుకుని ఊరికి పోయి, మళ్లీ చలికాలానికి వచ్చింది, సార్ ఒమన్‌లో ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉంది. నా కార్డు నాకు నిలిచింది. ఆ సంపాదనతోనే రాయచోటిలో ఈ జాగా కొని, ఇల్లు కట్టి, నా పేరు చెక్కించిన గేటు పెట్టాను. ఇప్పుడు నా ఇంట్లో గీజర్ ఉంది, మీట నొక్కితే ఎవరి వేన్నీళ్లు వాళ్లకు. సింధు వాళ్ల ఫ్లాట్లో మనిషికొక బాత్రూము. ఎవరూ ఎవరికోసం ఆగనక్కర్లేదు, ఎవరికోసమూ ఏదీ కప్పి ఉంచనక్కర్లేదు. సుఖమే, కాదనను. కానీ ఆ రోజు ఆ ఇంటివాళ్ల వరుసలో నాకూ ఒక చోటు దొరికింది. దాన్ని నేనే సంపాదించుకున్నాను. ఇంత గర్వం నాకు ఈ గేటు మీద పేరు చూసినప్పుడు కూడా కలగలేదు.

సింధు అంతా వింది. ఫోను వంక చూడనైనా చూడలేదు. తర్వాత, చిన్నప్పుడు మా పెరటి కాగు దగ్గర నన్ను చూసిన పిల్ల గదా, మెల్లగా అడిగింది. "అక్కడ కూడా అందరికంటే కడాకు నువ్వే గదత్తా. నీ వంతు వచ్చేసరికి నీళ్లు చల్లారిపోయినాయా?"

"లేదు పాపా," అన్నాను. "నాకోసమని మూత పెట్టి పెట్టినారు."